వేడికి దారి చూపాకే కొత్త ప్రాసెసర్

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చెన్నైలోని వేలచ్చేరిలో ఉంటున్నాను. రెండేళ్ల కిందట రిచీ స్ట్రీట్‌లో 2013 నాటి లాప్‌టాప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అందులో ఇంటెల్ కోర్ ఐ5-4200ఎం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. అమ్మ ఊరి నుంచి ఫోన్‌లో తీసి పంపే వంటల వీడియోలను దాని మీదే ఎడిట్ చేస్తుంటాను. మధ్యాహ్నం పూట ఎక్స్‌పోర్ట్ పెడితే ఫ్యాను హోరెత్తుతుంది, ఉష్ణోగ్రత 96 డిగ్రీలు చూపుతుంది, ఆ తరువాత పని నత్తనడక నడుస్తుంది. ఐ7-4800ఎంక్యూ వేయించి, దాని మీద లిక్విడ్ మెటల్ పూయిస్తే ఇక వేడి బాధ ఉండదని ఒక దుకాణదారు చెప్పాడు. ఆ మాట నమ్మవచ్చా? మా చెల్లెలి లాప్‌టాప్‌లో ఐ5-8250యూ ఉంది. దానికి కూడా ప్రాసెసర్ మార్చవచ్చా?
— ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: మీ దుకాణదారు రెండు వేర్వేరు విషయాలను ఒకే బేరంలో ముడివేశాడు. ప్రాసెసర్ మార్చడం ఒక పని, వేడి తగ్గించడం మరొక పని. పైగా ఆయన సూచించిన ప్రాసెసర్ వేస్తే మొదటి పని జరిగినా రెండవది మరింత కష్టమవుతుంది. అందుకే ముందు మార్పిడి సాధ్యమో కాదో చెప్పి, ఆ తరువాత ఏది ముందు చేయాలో, ఏ చిప్పు కొనాలో వివరిస్తాను.

మార్పిడి సాధ్యమే, అది మీ అదృష్టం. లాప్‌టాప్ ప్రాసెసర్లు మదర్‌బోర్డుకు రెండు రకాలుగా అమరుతాయి. కొన్నింటికి కింద సూదుల వంటి పిన్నులు ఉండి అవి సాకెట్‌లో దిగుతాయి, మిగిలినవి టంకంతో బోర్డుకే అతుక్కుని ఉంటాయి. ఇంటెల్ నాలుగవ తరంలో పేరు చివర ఎం, ఎంక్యూ అన్న అక్షరాలు ఉన్నవి సాకెట్ రకం. హెచ్‌క్యూ, యూ అని ఉన్నవి అతికించిన రకం. మీది 4200ఎం కాబట్టి మొదటి కోవకు చెందుతుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్యాకేజీ అన్న వరుసను ఒకసారి చూసుకుంటే రూఢి అవుతుంది: ఆర్‌పీజీఏ అని ఉంటే సాకెట్, బీజీఏ అని ఉంటే టంకం. ఆ కాలపు థింక్‌ప్యాడ్ టీ440పీ, లాటిట్యూడ్ ఈ6440 వంటి ఆఫీసు లాప్‌టాప్‌లలో ఈ సౌకర్యం ఉండేది. అయిదవ తరం నుంచి ఇంటెల్ లాప్‌టాప్ సాకెట్లకు స్వస్తి చెప్పింది. మూడవ తరం చిప్పులకు సాకెట్ వేరు కనుక, నాలుగవ తరం బోర్డులో నాలుగవ తరం చిప్పే కూర్చుంటుంది. దుకాణంలో ఎవరైనా మూడవ తరం ఐ7 చూపించి "ఇదీ సరిపోతుంది సార్" అంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

ఇక వేడి సంగతి. ఈ విషయంలో కాస్త లెక్క తప్పదు, కానీ అది అంగడి లెక్కంత సులువైనదే. ప్రాసెసర్ ఉష్ణోగ్రత అంటే గది ఉష్ణోగ్రత మీద చిప్పు పెంచుకున్న వేడి. మీరు 96 డిగ్రీలని రాశారు గానీ గది ఉష్ణోగ్రత రాయలేదు. ఏసీ లేని గదిలో వేసవి మధ్యాహ్నం 36 డిగ్రీలు అనుకుందాం. అంటే చిప్పు గది కంటే 60 డిగ్రీలు పైన ఉంది. ఆ సమయంలో అది 30 వాట్ల కరెంటు తింటోందనుకుంటే, వాటుకు 2 డిగ్రీల చొప్పున వేడెక్కుతోందన్నమాట. ఎన్ని వాట్లు తింటోందో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ప్యాకేజీ పవర్ అన్న చోట కనిపిస్తుంది. నేను అనుకున్న 30 బదులు మీ యంత్రం చూపిన అంకె వేసి ఈ లెక్కను మళ్లీ కట్టండి.

ఇప్పుడు దుకాణదారు చెప్పిన ఐ7-4800ఎంక్యూ తీసుకుందాం. దాని నిర్ణీత వేడి పరిమితి 47 వాట్లు, మీ ఐ5ది 37 వాట్లు. వాటుకు 2 డిగ్రీల చొప్పున 47 వాట్లకు 94 డిగ్రీలు. దానికి గదిలోని 36 కలిపితే 130 అవుతుంది. నిజానికి అక్కడి దాకా వెళ్లదు, ఎందుకంటే ఈ చిప్పులకు 100 డిగ్రీలు హద్దు. ఆ హద్దు తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కొన్ని యంత్రాల్లో ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే నియంత్రణ సాఫ్ట్‌వేర్) ఇంకా ముందే పగ్గాలు లాగుతుంది. మీరు నత్తనడక అన్నది ఇదే. ఒక్కోసారి 800 మెగాహెర్ట్‌జ్ దాకా పడిపోయి, కాస్త చల్లబడి, మళ్లీ లేచి, మళ్లీ పడుతుంది. నాలుగు కోర్ల (లెక్కలు చేసే విభాగాల) చిప్పు కొని దాన్ని ఈ స్థితిలో పరుగెత్తించడం అంటే, మూసుకుపోయిన కాలువకు పెద్ద మోటారు బిగించడమే.

కాలువ ఎక్కడ మూసుకుపోయిందో ఇప్పుడు చూద్దాం. చిప్పు మీద ఒక రాగి పలక ఉంటుంది, దాని నుంచి బల్లపరుపుగా నొక్కిన రాగి గొట్టం ఒకటి ఫ్యాను దాకా వెళుతుంది. ఆ గొట్టం గట్టి రాగి ముక్క అనుకుంటారు చాలామంది. అది బోలుగా ఉంటుంది, లోపల గాలి తీసేసి కొద్దిపాటి నీరు మాత్రం ఉంచుతారు. ఒత్తిడి తక్కువ కావడం వల్ల ఆ నీరు చిన్న వేడికే ఆవిరవుతుంది. చిప్పు వైపు పుట్టిన ఆవిరి చల్లగా ఉన్న కొసకు పోయి, ఇడ్లీ పాత్ర మూత లోపల ఆవిరి బొట్లు కట్టినట్టు అక్కడ నీరై, గొట్టం గోడలకున్న సన్నని వత్తి గుండా వెనక్కి పాకుతుంది. ఇది ఏళ్ల తరబడి చెడకుండా పనిచేస్తుంది, గొట్టం నొక్కుకుపోతేనో వంగితేనో తప్ప. కాబట్టి పదేళ్లు దాటిన లాప్‌టాప్‌లో తప్పు సాధారణంగా గొట్టానిది కాక, దాని రెండు కొసలది అవుతుంది. ఒక కొసన చిప్పుకు, రాగి పలకకు మధ్య పూసిన, ఇప్పుడు ఎండిపోయిన పేస్ట్, రెండవ కొసన దుమ్ము.

ముందు దుమ్ము గురించి. ఫ్యాను ఊదిన గాలి సన్నని రాగి రేకుల వరుస గుండా బయటికి పోవాలి. ఫ్యానుకు, ఆ రేకులకు మధ్య దుమ్ము, వెంట్రుకలు, బట్టల నూగు పేరుకుని నలుపు కంబళి ముక్కలా అట్టకడుతుంది. బయటి జాలీలోంచి చూస్తే ఇది కనబడదు, బయటినుంచి ఊదితే ఊడదు కూడా. చెన్నై గాలిలోని చెమ్మకు ఆ అట్ట ఇంకా గట్టిపడుతుందని నా అనుభవం. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు తెచ్చిన మిత్రులకు నేను మొట్టమొదట అడిగే మాట "విప్పి చూశారా" అన్నదే. పైపైన తుడిచి, కొత్త స్టిక్కర్ వేసి అమ్మినవాటిలో ఆ కంబళి ముక్క అలాగే ఉండటం చాలాసార్లు చూశాను.

విప్పే ముందు లాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ పీకి, బ్యాటరీ తీసేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ తయారీదారు సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఏ స్క్రూ ఎక్కడిదో అందులో బొమ్మతో సహా ఉంటుంది. ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకుని, మెత్తని బ్రష్‌తోను, బ్లోయర్‌తోను దుమ్ము తీయండి. గాలికి రెక్కలు వేగంగా గిరగిరా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. శుభ్రం చేశాక కూడా గరగర శబ్దం పోకపోతే ఫ్యాను మార్చడమే మేలు.

తరువాత పేస్ట్. లాప్‌టాప్ ప్రాసెసర్‌కు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు ఉన్నట్టు పైన లోహపు మూత ఉండదు, అద్దంలా మెరిసే సిలికాన్ చిప్పు నేరుగా రాగి పలకను తాకుతుంది. రెండు ఉపరితలాలూ కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సూక్ష్మమైన ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీల్లో గాలి ఉంటే వేడి ఆగిపోతుంది, ఎందుకంటే రాగి ఉష్ణవాహకత 400 దగ్గర ఉంటే గాలిది 0.026 మాత్రమే. పేస్ట్‌ది సుమారు 4 నుంచి 12 మధ్య ఉంటుంది. అంటే పేస్ట్ రాగి కంటే చాలా పేదది, గాలి కంటే మాత్రమే మెరుగైనది. కనుక అది ఖాళీని నింపేంత పలుచగా ఉండాలి గాని వెన్నలా మందంగా పూయకూడదు. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూగు రాలని బట్టతో రెండు వైపులా మెరిసేదాకా తుడవండి. కొత్త పేస్ట్‌ను చిప్పంతా కప్పేలా పలుచగా పరచండి, ఎందుకంటే మూత లేని చిప్పు మీద ఒక మూల పొడిగా మిగిలినా ఆ మూల కాలుతుంది. స్క్రూలకు అంకెలు వేసి ఉంటే ఆ వరుసలో, లేకపోతే ఎదురెదురు మూలలకు, కొంచెం కొంచెంగా బిగించండి. ఒక వైపే పూర్తిగా బిగిస్తే చిప్పు అంచు పగిలిపోవచ్చు. చుట్టుపక్కల చిన్న చిప్పుల మీద రబ్బరులాంటి ప్యాడ్‌లు ఉంటే వాటి మందాన్ని కొలిచి, చిరిగితే సరిగ్గా అదే మందం ప్యాడ్ వేయండి. అర మిల్లీమీటరు ఎక్కువైనా రాగి పలక ప్రాసెసర్ మీద ఆనదు.

వేడెక్కుతూ చల్లారుతూ ఉండే చిప్పు మీద పేస్ట్ కొన్ని నెలల్లోనే అంచులకు జారిపోవడం లాప్‌టాప్‌లలో మామూలే. ఏటేటా విప్పే ఓపిక లేనివారికి హనీవెల్ సంస్థ తయారుచేసే పీటీఎం7950 అనే పలుచని షీటు మంచి ప్రత్యామ్నాయం. మామూలు వేడిలో గట్టిగా ఉండి, సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి ఖాళీలన్నీ నింపుకుంటుంది, జారిపోదు. నేనైతే మీ యంత్రానికి దీన్నే ఎంచుకుంటాను. దీని పేరుతో నకిలీలు కూడా అమ్ముతున్నారు కాబట్టి నమ్మకమైన చోటే కొనండి.

లిక్విడ్ మెటల్ మాత్రం వద్దు. అది గాలియం కలిసిన మిశ్రమలోహం. వేడిని పేస్ట్ కంటే చాలా బాగా మోస్తుందన్న మాట నిజమే, కానీ కరెంటును కూడా అంతే బాగా మోస్తుంది. మీ చిప్పు పక్కనే చిన్న చిన్న భాగాలు ఉంటే, సంచిలో వేసుకుని ఎంఆర్‌టీఎస్ రైలెక్కి తిరిగే లాప్‌టాప్‌లో ఒక్క చుక్క వాటి మీదికి జారితే బోర్డే పోతుంది. హీట్‌సింక్‌లో, అంటే పలక, గొట్టం, రేకులు కలిసిన ఆ అమరికలో ఎక్కడైనా అల్యూమినియం ఉంటే దాన్ని తినేస్తుంది కూడా. ఈ యంత్రం విలువకు ఆ సాహసం తగదు.

ఇంత చేశాక ఎంత తగ్గుతుంది? ఇలా అట్టకట్టిన యంత్రాల్లో 15 నుంచి 20 డిగ్రీలు తగ్గడం నేను పదేపదే చూశాను. మన లెక్కలో 20 తగ్గిందనుకుందాం. 30 వాట్లకు 40 డిగ్రీలే పెరిగితే వాటుకు 1.33 అవుతుంది. అప్పుడు 37 వాట్ల చిప్పు గది కంటే 49 డిగ్రీలు పైన, అంటే 85 దగ్గర నిలుస్తుంది. 47 వాట్ల చిప్పు 99 దగ్గర ఉంటుంది. మే నెల కత్తిరి వెయిల్ రోజుల్లో గది మరో రెండు డిగ్రీలు పెరిగితే ఆ రెండవది మళ్లీ హద్దు తాకుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నది ఊరికే కాదు. మీ నగరంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. బెంగళూరు లాంటి చల్లని ఊళ్లో ఒకరికి పనికొచ్చిన 47 వాట్ల చిప్పు అదే మోడల్ లాప్‌టాప్‌లో మీకు పనికిరాకపోవడానికి కారణం గది ఉష్ణోగ్రతలోని ఈ తేడాయే.

కనుక మీరు కొనవలసింది ఐ7-4702ఎంక్యూ. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 6 ఎంబీ క్యాష్ (చిప్పులోనే ఉండే చిన్న మెమరీ), 2.2 నుంచి 3.2 గిగాహెర్ట్‌జ్ వేగం ఉన్నాయి, వేడి పరిమితి మాత్రం మీ ఐ5తో సమానంగా 37 వాట్లే. మీ ఐ5కు కోర్లు రెండు, క్యాష్ 3 ఎంబీ. ఎక్కువ కోర్లను తక్కువ వేగంతో నడిపితే కరెంటు ఖర్చు ఎందుకు తగ్గుతుందంటే, చిప్పు తినే శక్తి వేగంతోపాటు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వేగం పెరగాలంటే వోల్టేజి కూడా పెరగాలి. అందువల్ల వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పని నలుగురు నిదానస్తులకు పంచితే, ఇద్దరు దూకుడువాళ్లు చేసినదాని కంటే తక్కువ చెమటతో ఎక్కువ సాగుతుంది. బ్రౌజరు తెరవడం లాంటి చిన్న పనుల్లో మాత్రం మీకు తేడా తెలియదు.

ఈ చిప్పులు తయారీ ఆగి చాలా కాలమైంది, దొరికేవన్నీ వాడినవే. పైన ఎస్‌ఆర్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చెక్కి ఉందో లేదో చూడండి. ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది పరీక్షల కోసం తయారైన నమూనా, ఎంత చవకైనా తీసుకోకండి. వంగిన పిన్ను ఒక్కటి ఉన్నా వద్దు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను (బోర్డులోని ఆ ఫర్మ్‌వేర్‌ను) తాజా వెర్షన్‌కు మార్చండి, ఆ పనిని చార్జర్ పెట్టి, కరెంటు పోదనుకున్న వేళ చేయండి. సాకెట్ పక్కన ఉన్న మరను స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు తిప్పితే పట్టు సడలుతుంది. చిప్పు మూలలోని బంగారు రంగు త్రికోణం సాకెట్ మూలలోని గుర్తుతో కలవాలి. చిప్పు తన బరువుతోనే లోపలికి దిగాలి, నొక్కవలసి వచ్చిందంటే ఏదో సరిగా లేదని అర్థం. మీ చార్జర్ 65 వాట్లదైతే 90 వాట్లది తీసుకోండి, లేకపోతే పని ఒత్తిడి మీద ఉండగా బ్యాటరీ చార్జింగ్ మందగించడమో, వేగం తగ్గడమో జరుగుతుంది. తీసిన ఐ5ను పారేయకండి, కొత్తది మొరాయిస్తే తిరిగి పెట్టి చూడటానికి అదే ఆధారం.

అసలు ప్రాసెసర్ కొనకముందే మరొక విషయం పరిశీలించండి, ఇది మీ దుకాణదారుకు తట్టి ఉండదు. ఈ మధ్య ఫోన్లలో కొన్ని వీడియోను హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో కుదించి భద్రపరుస్తాయి. నాలుగవ తరం ఇంటెల్ గ్రాఫిక్స్ పాత హెచ్.264 వీడియోను హార్డ్‌వేర్‌లోనే విప్పగలదు, హెచ్‌ఈవీసీకి ఆ సదుపాయం పూర్తిస్థాయిలో ఆరవ తరంలో గాని రాలేదు. అందువల్ల అమ్మగారి వీడియోలు హెచ్‌ఈవీసీలో ఉంటే మీ ప్రాసెసర్ టైమ్‌లైన్ మీద ఒక్క అంగుళం కదిలినా ప్రతి ఫ్రేమునూ చేత్తో విప్పినట్టు విప్పుతోంది, ఆ శ్రమంతా వేడిగా మీకు కనిపిస్తోంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్.264 ఎంచుకోమని అమ్మగారికి చెప్పండి. ఫైలు కొంచెం పెద్దదవుతుంది, కానీ ఎడిటింగ్ ఎంతో తేలికపడుతుంది. ఇప్పటికే ఉన్న వీడియోలకు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ సదుపాయం, అంటే తేలికైన నకలు మీద ఎడిట్ చేసే పద్ధతి వాడండి.

ఖర్చులేని ఉపాయాలు రెండు ఉన్నాయి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి తగ్గిస్తే టర్బో, అంటే పని ఎక్కువైనప్పుడు మామూలు వేగాన్ని దాటి పరుగెత్తే పద్ధతి ఆగిపోతుంది. మీ ఐ5 సుమారు 3 గిగాహెర్ట్‌జ్ బదులు 2.5 దగ్గర నడుస్తుంది, వేగంలో ఆరో వంతు పోతుంది, వేడి అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో వోల్టేజిని 50 మిల్లీవోల్టుల దాకా తగ్గించడం రెండవది. వోల్టేజి 5 శాతం తగ్గితే కరెంటు ఖర్చు సుమారు 10 శాతం తగ్గుతుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, లాప్‌టాప్ దానంతటది రీస్టార్ట్ అయితే ఒక మెట్టు వెనక్కి రండి. కూలింగ్ ప్యాడ్ కొనేముందు లాప్‌టాప్ వెనుక భాగాన్ని ఒక అంగుళం ఎత్తి చూడండి, చాలాసార్లు సగం ప్రయోజనం అందులోనే దక్కుతుంది. పరుపు మీద పెట్టి పని చేయకండి.

ఈ యంత్రం మీద ఎంత ఖర్చు పెట్టాలన్న విషయంలో మరొక మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంటెల్ ఎనిమిదవ తరం కంటే పాత ప్రాసెసర్లు, ఏవో కొన్ని తప్ప, విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. ఐ7 వేసినా అది నాలుగవ తరమే. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారి, కెడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేయడానికి సిద్ధమైతే ఈ ఖర్చు సార్థకం. పైన చెప్పిన థ్రాటిల్‌స్టాప్ విండోస్‌కే పరిమితమని మాత్రం గుర్తుంచుకోండి. మారడం కుదరదంటే శుభ్రత, పేస్ట్‌లతో ఆపి, డబ్బు దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

చివరిగా మీ చెల్లెలి లాప్‌టాప్. 8250యూ బోర్డుకు అతికించిన చిప్పు, దాన్ని మార్చడం ఇంట్లోనే కాదు, దుకాణంలో కూడా గిట్టుబాటయ్యే పని కాదు. మార్చవలసిన అవసరమూ లేదు. 15 వాట్ల ఆ చిప్పులో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉన్నాయి, హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, విండోస్ 11కూ అర్హత ఉంది. మీరు కొనాలనుకుంటున్న ఐ7తో అది దాదాపు సమానంగా, కొన్ని పనుల్లో అంతకంటే మెరుగ్గా నడుస్తుంది. రిచీ స్ట్రీట్‌కు బయలుదేరేముందు ఒక రాత్రి ఆమెను అడిగి, మీరు 96 డిగ్రీలు చూసిన ఆ వీడియోనే అందులో ఎక్స్‌పోర్ట్ పెట్టి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి.